పసుపు మీద టైరు మసి

మొన్న జగిత్యాలలో మనుమరాలిని పార్కుకు తోలుకపోతే ఉయ్యాలల కింద నల్లటి నేల కాలికి మెత్తగా తగిలింది, ఏందని అడిగితే పాత టైర్లు పొడి చేసి పరిచినమని కావలాయన చెప్పిండు. గా మాట వినంగనే నా యారాలు, మా మరిది భార్య, యాదికొచ్చింది. ఇంత వయసొచ్చినా ఆమె మీది కుళ్లు నాకు పోలేదని అప్పుడే ఎరుకైంది.

జగిత్యాల దిక్కు ఇబ్రహీంపట్నం దగ్గర మా ఊళ్లె బోర్లు ఎండి సగం మంది మగోళ్లు దుబాయి బాట పట్టిన ఏండ్లవి. మా ఆయన గూడ పోయిండు. మరిది మాత్రం కోరుట్ల నుంచి అరిగిన లారీ టైర్లు తెచ్చి, వాకిట్లనే కూసోని, నీళ్లు చల్లుకుంట కత్తితోని కోసి చెప్పులు, బాయి బొక్కెనలు, బర్లకు కుడితి తొట్లు చేసేటోడు. పారేసిన టైరు గట్ల ఇంకో పదేండ్లు బతికేది, దానితోని ఆళ్ల ఇల్లు గూడ గడిచేది. ఊరోళ్లు నా మెడల గొలుసు చూసి కుళ్లుకునేటోళ్లు. నేనేమో పొద్దూకంగ మొగని చేతుల మరకలు గ్యాసునూనెతోని తుడిచే యారాలిని చూసి కుళ్లుకునేదాన్ని.

ఒక ఎండకాలం మా ఆయన సెలవు మీదొచ్చిండు. ఇగ పోకు, తమ్మునితోని కలిసి పనిచేసుకో అని బతిమాలితే, దుబాయి పోయొచ్చి టైర్లు కోసుడేందని నవ్విండు. టైరు కాలిస్తే లోపలి ఇనుప తీగ అమ్ముడు పోతదని ఎవరో అనంగ విన్న. యారాలి కంటె నేనేం తక్కువ, సంపాయించి చూపెడితే ఆగుతడనుకున్న. ఆళ్లు సంతకు పోయిన పూట మరిది కుప్పల నుంచి నాలుగు టైర్లు దొర్లించుకపోయి మా కళ్లం పక్కన అంటిచ్చిన. గాలి తిరిగింది. ఉడకబెట్టి ఆరబోసిన మా పసుపంత మీద జిడ్డు మసి కురిసింది.

సంత నుంచి రాంగనే, ఎవరూ పిలువకముందే యారాలు గోనెసంచి తెచ్చి నా పక్కన కూసోని పసుపు కొమ్ములు తుడిచింది. తన టైర్ల ముచ్చట ఎత్తలేదు. తుడుచుకుంటనే మెల్లగ అన్నది, "ఈ పంట మంచిగ అమ్ముడైతే ఇంటికాడనే ఉంట అన్నడక్కా బావ. మా ఆయనతోని చెప్పిండు."

నాకు చెప్పని మాట ఆమెకెరుకైనందుకు గా గడియల గూడ నాకు కుళ్లే అయింది. మసి వాసన పసుపును మార్కెట్ల అడ్తి దుకాణాలల్ల ఎవరూ ముట్టలేదు. ఆయన మళ్ల విమానమెక్కిండు.

ఇప్పుడు లారీలొచ్చి పాత టైర్లు ఎత్తుకపోతయట, పొగ లేకుండ మిషిన్ల పొడి చేస్తరట, ఎందరికో పని దొరుకుతదట. మంచిదే. యారాలు లేదు, మరిది లేడు. అరిగిన టైరుకు గూడ ఇంకో బతుకు దొరికిందని, దాని మీద దుంకే మనుమరాలిని చూసుకుంట కుళ్లుకున్న. మా ఆయన జుట్టు నెరిసినంక వచ్చి ఇంటికాడనే ఉంటున్నడు. పొద్దూకంగ చేతులు చాపితే నీళ్లు పోస్త. తుడువనీకె ఒక్క మరక గూడ ఉండది.