కాగితం మీద నాకు ఐదేళ్లు ఎక్కువ

ఆ రోజుల్లో మా వైపు మనుషులకు వయసంటూ ఉండేది కాదు. ఎవరైనా అడిగితే అప్పటికప్పుడు తయారు చేసి చెప్పేవాళ్లం. పర్ణశాల దాటి అడవిలోకి నాలుగు మైళ్లు నడిస్తే వచ్చే చిన్న పల్లె మాది. నేనెప్పుడు పుట్టానని అడిగితే మా అమ్మ తడుముకోకుండా, "తునికాకు కల్లంలకు ఎలుగొడ్డు వచ్చిన ఎండకాలం" అనేది. తమ్ముడు గోదావరి మా చేనుదాకా ఎక్కిన వానాకాలం వాడు. ఎలుగొడ్డుకూ గోదావరికీ మధ్య ఎన్నేళ్లో ఎవరూ లెక్కపెట్టలేదు. ఆ లెక్క ఒకనాడు సముద్రం అవతలి వాళ్లకు కావలసి వస్తుందని మాకేం తెలుసు, పాపం ఆ ఎలుగుబంటికేం తెలుసు!

పెళ్లయ్యాక బొగ్గు గనుల ఊరికి, కంపెనీ క్వార్టర్లకు వచ్చాను. మా ఆయన గనిలో పనిచేసేవాడు. మా ఇంటికి రెండు గడపల అవతలే ఆయన అక్క, అంటే మా వదిన, కాపురం ఉండేది. నాకు కుట్టుమిషన్ తొక్కడం నేర్పింది ఆమే. ఏడాది తిరిగేసరికి పనిలో నేను ఆమెను మించిపోయాను (ఈ మాట ఆమె ఇప్పటికీ ఒప్పుకోదు). బజారులో ఒక టైలరు షాపులో ఇద్దరం పనికి కుదిరాం. ఇద్దరికీ అక్షరం ముక్క రాదు, అంకె అసలే రాదు. మెడలో టేపు వేసుకునేవాళ్లం గానీ అది కేవలం అందానికి. అసలు కొలత దారంతో తీసేవాళ్లం. మనిషికొక దారం. దాని మీద ఛాతీ దగ్గర ఒక ముడి, నడుము దగ్గర రెండు, చెయ్యి పొడవు దగ్గర మూడు. ఆ దారాలన్నీ గోడకున్న మేకులకు వేలాడుతుండేవి. నల్ల దారం పోలీసు స్టేషను హెడ్డుగారిది, ఎర్రది క్యాంటీన్ వంటాయనది. వంటాయన పొట్ట పెరిగినప్పుడల్లా ఆయన దారానికి కొత్త ముడి పడేది. అలా కుట్టిన చొక్కా ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. కానీ ఎంత బాగా కుట్టినా మెచ్చుకోలు షాపు యజమానికే వెళ్లేది, బోర్డు మీద పేరు ఆయనది కాబట్టి. ఎప్పటికైనా నా పేరుతో ఒక బోర్డు కట్టించాలని నాకు బలంగా ఉండేది. (దాన్ని నేను చదవలేనన్న సంగతి అప్పుడు తట్టలేదు.)

అలాంటి రోజుల్లో, తొంభైల మొదట్లో, ఖమ్మం నుంచి ఒకాయన ఆదివారం ఆదివారం బస్సు దిగడం మొదలుపెట్టాడు. చేతిలో ఎప్పుడూ ఒక సూట్‌కేసు ఉండేది కాబట్టి మేమంతా ఆయనను సూట్‌కేసు సారు అనేవాళ్లం. గల్ఫ్‌లో ఒక బట్టల ఫ్యాక్టరీకి ఆడ టైలర్లు కావాలట. చేతిలో పనితనం ఉన్నవాళ్లకు స్కిల్డ్ వీసా ఇస్తారట, రెండేళ్లు కుట్టి రావచ్చట. నా కళ్ల ముందు బోర్డు వేలాడింది. ఖమ్మంలో కుట్టు పరీక్ష పెట్టారు. నేను దారం తీసి ముళ్లు వేస్తుంటే పరీక్ష పెట్టినాయన పకపకా నవ్వాడు. కాలరు కుట్టి చేతిలో పెట్టేసరికి నవ్వు ఆపి, అద్దం ముందుకు వెళ్లి తన మెడకు పెట్టుకుని చూసుకున్నాడు. ఇద్దరం పాసయ్యాం. "ఇగ వీసా రావుడే ఆలస్యం, మూట సర్దుకోండ్రి" అన్నాడు సూట్‌కేసు సారు. మా అత్త ఆ రోజే రెండు జాడీల ఆవకాయ కలిపింది.

నెల తిరగకుండానే సూట్‌కేసు సారు మొహం వేలాడేసుకుని వచ్చాడు. రూలు మారిందట. ముప్పై ఏళ్లు దాటిన ఆడవాళ్లనే పంపాలట, చిన్నవాళ్లను పంపితే భద్రత ఉండదట. వయసుకు డాక్టరు కాగితం కావాలి. నాకు అటూ ఇటూగా ఇరవై ఏడు. వదినకు ముప్పై నాలుగు. "నాదేముంది, ఉన్నది జెప్తే అయిపాయె. నీ సంగతే జూస్కో పిల్లా" అంది వదిన గర్వంగా.

నా సంగతి నేను చూసుకున్నాను. ముప్పై రెండు చెప్పాలని నిర్ణయించుకున్నాను. దవాఖానాకు వెళ్లే రోజు చెవుల పక్క వెంట్రుకలకు బియ్యప్పిండి అద్దాను. అత్త పాత చీర కట్టాను, నడుం మీద చెయ్యి వేసుకుని నడిచాను. సాక్ష్యానికి అత్త తోడొచ్చింది. ముందు వదినను పిలిచారు. డాక్టరు కుర్రవాడు, చూడచక్కగా ఉన్నాడు. "వయసెంతమ్మా?" అన్నాడు. వదిన కొంగు సర్దుకుని, తల కాస్త వంచి, "ఇరవై ఎనిమిది" అంది. ఆయన రాసేశాడు, ముద్ర గుద్దేశాడు.

"గట్లెట్ల అంటివి వదినా!" అని బయటికి రాగానే గిల్లాను.

"ఏమో పిల్లా, గా సారు గట్ల జూసేసరికి అదే వచ్చింది నోట్లె నుంచి" అని ఆమె గోడకు తల కొట్టుకుంది. ఆమెనని ఏం లాభం, ఆరేళ్లుగా అడిగినవాళ్లందరికీ అదే అంకె చెబుతోంది, నోరు అలవాటు పడిపోయింది.

తర్వాత నా వంతు. "ఈమెకు ముప్పై రెండా?" అని డాక్టరు నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"అవ్ సారూ, ఇంకా ఎక్కువే ఉంటయ్" అంది అత్త. (వీసా కోసం అందో, నా మీదున్న పాత కోపంతో అందో నాకు ఇప్పటికీ తేలలేదు.)

"మరి నీ కొడుకుకు ఎంత?"

కొడుకు మాట ఎత్తితే అత్తకు ఒళ్లు తెలియదు. "ముప్పై నిండినయ్ సారూ. కంపెనీ కాగితంల రాసి ఉన్నది!" అంది.

డాక్టరు కలం ఆగింది. "అంటే కోడలు కొడుకు కన్నా పెద్దదా?"

అత్త నావైపు చూసింది. నేను నేలవైపు చూశాను. ఒకవైపు వంశం పరువు, ఇంకోవైపు ఇంట్లో కలిపి పెట్టిన ఆవకాయ. చివరికి అత్త గట్టిగా ఊపిరి పీల్చి, "ఏం జేస్తం సారూ, పెండ్లిచూపులకు పొద్దుగూకినంక పోయినం. గుర్తువట్టలే" అంది. డాక్టరు నవ్వు ఆపుకోలేక కాగితం మీద సిరా ఒలకబోసి, ఇంకో కాగితం తీసుకుని ముప్పై రెండు రాసిచ్చాడు. ఆ కాగితాలను బట్టే మా ఇద్దరి పాస్‌పోర్టులూ తయారయ్యాయి.

అత్త ఇల్లు చేరకముందే ఆ మాట గనికి చేరింది. షిఫ్టు దిగి వచ్చిన మా ఆయన అన్నం ముట్టలేదు. "అందరు అడుగుతున్నరు, ఇంట్ల పెద్దామె మంచిగున్నదా అని. నన్ను పిలగాన్ని జేస్తివి గదనే" అన్నాడు. "రెండేండ్లే గద పెద్ద. పెద్దదాన్ని జెప్తున్న, పోయి రెండు బిందెలు నీళ్లు పట్టుకరా" అన్నాను. ఏమనుకున్నాడో, బిందెలు తీసుకుని వెళ్లాడు! ఆ తర్వాత చాలా రోజులు నేనా వయసును బాగానే వాడుకున్నాను. వదిన కాగితానికి ఇంకా ముప్పై నిండలేదు కాబట్టి ఆమె వీసా ఆగిపోయింది. "ఫైలు వాపసు దీస్కోకు, గట్లనే ఉండనియ్. రూలు ఎప్పుడు ఎటు తిరుగుతదో ఎవరికెరుక" అన్నాడు సూట్‌కేసు సారు. నేను ఆమె ముందే మూట కట్టి, విప్పి, మళ్లీ కట్టేదాన్ని. "ఇరవై ఎనిమిదేండ్ల పిల్లా, జర ఆ జాడీ అందుకో" అనేదాన్ని. వదిన పళ్లు కొరికేది.

వీసా రాలేదు గానీ ఇంకో రూలు వచ్చింది. సంతకం చెయ్యడం రావాలి, కాస్త చదవడం రావాలి, వేలిముద్రలు పనికిరావు. అప్పటికి ఆవకాయ మొదటి జాడీ అయిపోయింది. మా క్వార్టర్ల కమ్యూనిటీ హాల్లో సాయంత్రం పూట పెద్దవాళ్ల బడి నడిచేది. ఇంటర్ పాసైన ఒక అమ్మాయి చెప్పేది. ఇద్దరం పలకలు పట్టుకుని వెళ్లాం. వదిన తన పేరును ముగ్గులా నేర్చుకుంది. ముందు చుక్కలు పెట్టుకుని, ఎక్కడ మొదలెట్టి ఎటు తిప్పి ఎక్కడ కలపాలో చూసుకుని, వారంలో సంతకం దించేసి బడి మానేసింది. నాకు మాత్రం అక్షరాల పిచ్చి పట్టింది. ఒత్తులు చూస్తే కాలరు కింద కుట్టిన గుండీల్లా అనిపించేవి. రెండో తరగతి చదివే మా పాప పుస్తకం లాక్కుని చదివేదాన్ని. అది ఏడుస్తూ నాన్నమ్మతో చెప్పుకునేది. బస్సు బోర్డు, సబ్బు కాగితం, బెల్లం చుట్టిన పేపరు ముక్క, ఏది దొరికితే అది కూడబలుక్కునేదాన్ని. "నీకు వయసు పెరిగిందో తగ్గిందో సమజైతలేదు" అనేవాడు మా ఆయన.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం సూట్‌కేసు సారు నుంచి ఉత్తరం వచ్చింది. మగవాళ్లంతా షిఫ్టులో ఉన్నారు. పోస్టుమాన్ చదివిపెడతానన్నాడు. నేను వద్దన్నాను. నా పేరున వచ్చిన మొదటి ఉత్తరం, నేనే చదవాలి. గడప మీద కూర్చున్నాను. అత్త, వదిన చెరో పక్క చేరారు. వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే పట్టుకుంటూ, "కం... పె... నీ... కొ... త్త..." అని మొదలుపెట్టాను.

"జల్దీ సదువు బిడ్డా, పానం ఆగుతలేదు" అంది అత్త.

"ఆగు అత్తా, ఇది ఒత్తు!" అన్నాను. ఆ ముందురోజే టీచరమ్మ నేర్పిన ఒత్తది. "ము... ప్పై. ముప్పై! ముప్పై అని సదివిన సూడు వదినా!" అని పొంగిపోయాను. వదిన కూడా చప్పట్లు కొట్టింది. ఆ ఊపులో గబగబా ముందుకెళ్లాను. "దా... టి... న... వా... రి... ని... తీ... సు... కో... రు." చదవడం అయిపోయింది. ఒక్క తప్పు లేదు. కాసేపు ఆ సంతోషంలోనే ఉన్నాను. ఏం చదివానో ఆ తర్వాత బుర్రకెక్కింది.

ఫ్యాక్టరీ వాళ్లు రూలు తిరగేశారు. కుర్ర చేతులు, కుర్ర కళ్లు కావాలట. ముప్పై లోపు వాళ్లే రావాలట. మా ఇంట్లో ఆ రూలుకు సరిపోయింది ముప్పై నాలుగేళ్ల మా వదిన.

"అంటే... నేను చిన్నదాన్నన్నట్టే గదా?" అంది వదిన. మొహం వెలిగిపోయింది. అంతలోనే నన్ను చూసి వెలుగు తగ్గించుకుంది. మర్నాడే నేను దవాఖానాకు పరుగెత్తాను. "సారూ, నాకు ముప్పై రెండు లెవ్వు, ఇరవై ఏడే" అన్నాను, ఈసారి పిండి లేకుండా. డాక్టరు గుర్తుపట్టాడు. "మీ అత్త చీకటి సాక్ష్యం చెప్పింది గదమ్మా" అన్నాడు. సూట్‌కేసు సారేమో, "పాస్‌పోర్టుల వడ్డ వయసు మార్పియ్యాలంటే నా వల్లగాదు చెల్లే" అని చేతులెత్తేశాడు. రెండు రోజులు మిషన్ ముట్టలేదు. రెండో జాడీ ఆవకాయ కారంగా ఉందని వంక పెట్టి కళ్లు తుడుచుకున్నాను.

వదిన వెళ్లే రోజు బస్టాండులో నా చేతిని గట్టిగా పట్టుకుంది. "కుట్టు నీది పిల్లా, కాగితమే నాది. నాకెరుక" అంది. పనిలో నేను మించానని ఆమె ఒప్పుకున్నది జీవితంలో ఆ ఒక్కసారే (తిరిగొచ్చినప్పటి నుంచి ఆ మాటే అనలేదంటోంది). నా దారాల కట్ట తీసి ఆమె సంచిలో పెట్టాను. అక్కడ పక్క గది ఆమెతో రాయించి నెలకో ఉత్తరం పంపేది. ఇంటిల్లిపాదికీ నేనే చదివి వినిపించేదాన్ని, జవాబూ నేనే రాసేదాన్ని. పోను పోను మా లైనులో ఎవరికి ఉత్తరమొచ్చినా మా గడప దగ్గరికే వచ్చేవారు. కొత్త రూళ్లు వచ్చిన ఉత్తరాలైతే ముందే మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టేదాన్ని.

రెండేళ్లకు వదిన మిషన్‌కు బిగించే కరెంటు మోటరు పట్టుకుని వచ్చింది. మా ముందు గదిలోనే షాపు పెట్టాం. బోర్డు దగ్గర మాత్రం పెద్ద గొడవైంది. "పెద్దదాన్ని, నా పేరు ముందుండాలె" అంది వదిన. "కాగితం మీద నేనే పెద్ద" అన్నాను. చివరికి కుంచె నా చేతిలో ఉంది కాబట్టి నా పేరే ముందు పడింది, కాస్త వంకరగా.

ఆ కాగితం ఇంకా నా వెంటే ఉంది. వృద్ధాప్య పింఛను నాకు వదిన కన్నా నాలుగేళ్లు ముందే వచ్చింది. చేతికర్ర పట్టుకున్న ఆమెను పక్కన నిలబెట్టుకుని నేను సంతకం పెడుతుంటే, "ఏం ముసల్దానా, మంచిగున్నవా" అని పళ్లు నూరేది. ఆ కాగితం మీద నా సంతకం చూసినప్పుడల్లా నాకు అనిపిస్తుంది, కాగితంలోని ఆ పెద్దావిడ నాకన్నా ఐదేళ్లు ముందు నడుస్తూ ఎక్కడో గల్ఫ్‌లో దిగే ఉంటుందని, చెవుల పక్క పిండి దులుపుకుంటూ. పిచ్చిది, నన్ను వదిలేసి ఒక్కతే పోయింది. ఎప్పుడైనా ఉత్తరం రాస్తుందేమో, చదువుకోవడానికి నేనైతే సిద్ధంగానే ఉన్నాను.