పాటకు ముందటి ఊపిరి

బ్యాండు ఆనందానికి ముందుపన్ను సగమే ఉంది. చిన్నప్పుడు దెగ్లూర్‌లో రాళ్లు కొట్టే పనికి పోయినప్పుడు పెంకు ఎగిరొచ్చి విరిగింది. క్లారినెట్ ఊదేవాడికి అది చిన్న నష్టం కాదు. పాట ఎత్తుకునే ముందు గాలి పీల్చుకుంటే ఆ సందులోంచి సన్నగా 'స్స్' అని ఈల లాంటి చప్పుడు వచ్చేది. అతని బ్యాండులో అదే సైగ. చెయ్యి ఊపేవాడు, ఒకటి రెండు అనేవాడు ఎవడూ లేడు. పెళ్లి ఊరేగింపులో ఎంత గోల ఉన్నా డోలు వాళ్లు ఒక చెవి అతని వైపే పెట్టి ఉంచేవాళ్లు. ఆ ఊపిరి వినబడిందా, దరువు పడేది. మాటల్లోనూ అంతే. చెప్పడానికి కష్టమైనదేదైనా చెప్పాల్సి వస్తే ముందు ఆ చప్పుడు, ఆ తర్వాతే మాట.

నాందేడ్‌లో ఆనందం బ్యాండు వాయించని వాడ లేదు. గణపతి మండపంలో మొదటి పాటకు ముందు క్లారినెట్ మూతికి కుంకుమ పెట్టించేవాడు. దర్గా సందల్ ఊరేగింపుకు పోతే ఊదు పొగ పట్టించేవాడు. గురుద్వారా ఊరేగింపులో తలకు రుమాలు కట్టేవాడు. చర్చిలో వాయించాల్సి వస్తే పాస్టరు ముందు మోకాళ్ల మీద కూర్చుని తల మీద చెయ్యి పెట్టించుకునేవాడు. ఎవరి వాకిట వాయిస్తే ఆ వాకిటి దీవెన తీసుకోకుండా మొదటి ఊదు ఊదకూడదని బ్యాండు వాళ్ల కట్టుబాటు. ఇంటికొస్తే మాత్రం పోచమ్మే.

"మన బాజాకు దేవుళ్లందరు గిరాకీలే" అనేవాడు నవ్వుతూ.

డెబ్బై నాలుగులో ఒక పాస్టరు అతని బ్యాండును బొంబాయి తీసుకుపోయి రికార్డు చేయించాడు. దాని పేరు 'దక్కన్ క్రిస్మస్'. అందులో ఒక్క మాట లేదు. క్లారినెట్, రెండు డోళ్లు, ఒక హార్మోనియం. ఆనందం క్రిస్మస్ కీర్తనల వరసలు తీసుకుని వాటిని బతుకమ్మ చుట్టూ ఆడవాళ్లు తిరిగే అడుగులో ఊదాడు. మాట లేదు కాబట్టి మరాఠీ వాళ్లు తమదనుకున్నారు, తెలుగువాళ్లు తమదనుకున్నారు. అట్ట మీద రికార్డింగుకు ముందు తీసిన ఫొటో వేశారు. నాసిరకం అచ్చు. నల్లటి మరక మధ్యలో వంగిన మనిషి ఆకారం, దాని పైన ఒక చెయ్యి కనబడేవి. కింద 'మాస్టర్ ఆనంద్ అండ్ పార్టీ' అని ఉండేది. దేశంలో అలాంటి మాస్టర్లు వందమంది ఉంటారు.

ఆ రికార్డును ప్రాణంగా చూసుకున్నవాళ్లు రైల్వే కాలనీలో ఉన్నారు. వాళ్లకు పెద్ద ఆదిశేషయ్య. బాపట్ల వైపు నుంచి గార్డు ఉద్యోగానికి వచ్చి, రిటైరయ్యాక కూడా నాందేడ్‌లోనే ఉండిపోయాడు. నుదుట నామం లేకుండా గడప దాటని మనిషి. ఏటా డిసెంబరులో ఆయన ఇంట్లో ఇరవై మంది దాకా చేరి ఆ రికార్డు వినేవాళ్లు. మూడో పాటలో ఒకచోట సూది గీతలో ఇరుక్కుని అక్కడక్కడే తిరిగేది. అప్పుడు అందరూ ఒక్కసారిగా నేల మీద కాలు తన్నేవాళ్లు. సూది ఎగిరి ముందుకు పడేది. చిన్నపిల్లలు ఆ తన్నుడు కోసమే వచ్చేవాళ్లు.

రెండు వేల మూడులో, బొంబాయి కంపెనీ ఆ రికార్డును శుభ్రం చేసి సీడీగా తెస్తోందన్న కబురు వచ్చింది. వజీరాబాద్ రోడ్డు మీద క్యాసెట్ల దుకాణం నడిపే నాగనాథ్ ఆ కబురు మోసుకొచ్చాడు. ఆ రోజు నుంచి ఆదిశేషయ్య సాయంకాలం నడక ఆ దుకాణం దగ్గరే ఆగిపోయేది.

"వచ్చిందా?"

"అస్తది కాకా. మొత్తం గరగర తీసేస్తున్నరట. దుమ్ము దులిపి, తానం జేయించి, కొత్త పెండ్లికొడుకు లెక్క పంపుతరట."

"ఆ మూడో పాటలో ఇరుక్కునే చోటు?"

"ఇరుక్కోదు. ఇగ మీరు తన్నుడు బంద్."

"అలవాటైపోయిందోయ్. ఊరికేనైనా తన్నుకుంటాం."

కంపెనీ ఒక సంగతి కూడా అడిగింది. ఆ మాస్టర్ ఆనంద్ ఎవరో తెలిస్తే చెప్పమంది. ఆదిశేషయ్యకు అది ముందే తెలుసు. ఏడాది కింద ఒక పెళ్లి ఊరేగింపు ఆయన ఇంటి ముందు నుంచి పోతుంటే, సినిమా పాట చివర క్లారినెట్ తిరిగిన ఒక మెలిక విని కుర్చీలోంచి లేచాడు. అట్లా మెలిక తిప్పేవాడు ఒక్కడే. ఇప్పుడు ఆ మనిషి ఇల్లు వెతుక్కుంటూ పోయాడు.

"మాస్టారూ" అని గుమ్మం బయటి నుంచే పిలిచాడు.

ఆనందాన్ని మాస్టారు అన్నవాళ్లు అంతకు ముందు లేరు. ఏయ్ బాజా అనేవాళ్లు, ఏయ్ ఆనందం అనేవాళ్లు. అతను లేచి నిలబడ్డాడు. ఆదిశేషయ్య వచ్చిన పని చెప్పాడు. సీడీ వచ్చిన రోజు దుకాణం ముందు సన్మానం. శాలువా, పూలదండ. పేపరు వాళ్లను కూడా పిలుస్తాం.

స్స్. "నాది కాదు సారూ గా రికార్డు. గా ఆనంద్ ఎవరో."

"మీ వినయం నాకు తెలుస్తోంది మాస్టారూ."

నీళ్లు తెచ్చిన ఆనందం భార్య లచ్చవ్వ గ్లాసు ఆదిశేషయ్య చేతికిచ్చి అక్కడే నిలబడింది.

"వినయం లేదు గినయం లేదు సారూ. మొన్న జీపుల అచ్చిండ్రు. ఇంట్ల ఏం బొమ్మలున్నయి, ఏం పండుగలు జేస్తరు, మా అత్తను కాలవెట్టిండ్రా బొందవెట్టిండ్రా అని వాడకట్టంత అడిగి పోయిండ్రు. మా సుమన నౌకరి మీదికి అచ్చింది."

"పాటకూ ఉద్యోగానికీ ఏం సంబంధమమ్మా? పాతికేళ్లుగా నేనూ వింటున్నాను. నాకేమైంది?"

"మీకేమైతది సారూ! నామం పెట్టుకోని మీరు ఏసు పాట ఇంటే పెద్దమనసంటరు. మావోడు ఊదితే కిరస్తానోడంటరు."

ఆదిశేషయ్య నీళ్ల వైపు చూశాడు. చేతిలో గ్లాసు అలాగే ఉంది. తాగలేదు.

లచ్చవ్వ చెప్పింది అక్షరాలా నిజం. ఆనందం వాళ్లు మాదిగలు. కూతురు సుమన ఆ ఇంట్లో మొదటిసారి బడి పూర్తిచేసి, డీఎడ్ చదివి, సర్ఖనిలో పంతులమ్మ అయింది. అది ఎస్సీలకు కేటాయించిన ఉద్యోగం. ఆ ఉద్యోగం నిలవాలంటే కులం నిజమేనని కమిటీ తేల్చాలి. దాన్నే ఇక్కడ అందరూ వ్యాలిడిటీ అంటారు. సుమన తర్వాతి వరసలో ఉన్నవాళ్లు ఎవరో ఫిర్యాదు పెట్టారు, వీళ్లు క్రైస్తవులని. ఆ విచారణకే కమిటీ తరఫు పోలీసులు జీపులో వచ్చారు. పందొమ్మిది వందల యాభైలో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ కాకుండా పోతాడు. వాడలో వాడి ఇల్లు మారదు. బావి దగ్గర వాడి వంతు మారదు. పెళ్లింట్లో వాడి విస్తరి వేసే చోటు మారదు. సర్కారు కాగితంలో మాత్రం వాడి కులం మాయమైపోతుంది. మనిషి ఎవరికి మొక్కుతాడో చూసి వాడి వెలిని లెక్కగట్టే చట్టం ఇంకే దేశంలో ఉందో నాకు తెలియదు. శవాన్ని పూడ్చడం కూడా ఆ విచారణవాళ్లకు క్రైస్తవానికి గుర్తే. మాదిగలు ఎన్ని తరాలుగా పూడుస్తున్నారో ఆ జీపులో వచ్చినవాళ్లు ఎవరినీ అడగలేదు.

ఆనందం బాప్తిస్మం తీసుకున్నవాడు కాదు. కానీ పాస్టరు ముందు మోకాళ్లూనినవాడు. మొదటి ఊదు కట్టుబాటు గురించి కమిటీకి చెప్తే నమ్ముతుందా?

"సరే" అన్నాడు ఆదిశేషయ్య చివరికి. "మీ పేరు నా నోట రాదు. కంపెనీకి రాయను. ఒట్టు."

ఆ మాట ఆయన నిలబెట్టుకున్నాడు. మాస్టర్ ఆనంద్ జాడ దొరకలేదనే కంపెనీకి రాశాడు.

ఆ డిసెంబరు ఆనందం చర్చివాళ్ల పిలుపుకు పోలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పి పంపాడు. క్లారినెట్ పెట్టెలోనే ఉంది. జీపు ఇంకోసారి వచ్చింది. ఈసారి ఎవర్నీ ఏమీ అడగలేదు. వాడ మొదట్లో కాసేపు ఆగి, వెళ్లిపోయింది. అడిగినప్పటికంటే అదే ఎక్కువ భయపెట్టింది. లచ్చవ్వ ఇంట్లో ఉన్న పోచమ్మ పటాన్ని వాకిలి నుంచి కనబడేలా ముందు గోడకు మార్చింది. రెండు రోజులకు తనకే రోత పుట్టింది.

"తల్లీ, సాక్ష్యానికి నిన్ను గవాయి జేసి నిలవెడుతున్న" అని పటానికి చెంపలేసుకుంది.

సీడీ రావడానికి ముందు పోస్టర్ వచ్చింది. నాగనాథ్ దాన్ని దుకాణం తలుపు మీద, రోడ్డు మీద పోయేవాళ్లందరికీ కనబడేలా అంటించాడు. కంపెనీవాళ్లు పాటతో పాటు ఫొటోను కూడా శుభ్రం చేశారు. పాత ఫిల్ము వాళ్ల దగ్గరే ఉందట. నల్లటి మరక పోయింది. వంగిన ఆకారానికి ఒక ముఖం వచ్చింది. ముప్పై ఏళ్ల ఆనందం, నోరు కొంచెం తెరిచి, సగం పన్ను కనబడేలా తల ఎత్తి చూస్తున్నాడు. తల మీద పాస్టరు చెయ్యి. పాస్టరు మెడలోంచి వేలాడే కొయ్య సిలువ సరిగ్గా అతని నుదుటి దగ్గర.

ఆదిశేషయ్య దాని ముందు నిలబడి "ఎంత బాగా తీశారు!" అన్నాడు. ఒట్టు పేరు గురించే కదా వేసింది. ముఖం సంగతి ఆయనకు తట్టలేదు. నచ్చినదాన్ని చూస్తున్నప్పుడు మనకు తట్టనివి చాలా ఉంటాయి. తట్టకపోయినా మనకేమీ కాదు గనక.

శనివారం సాయంత్రం సర్ఖని నుంచి వచ్చిన సుమన బస్సు దిగి ఆ రోడ్డు మీదుగానే ఇంటికి నడిచింది. చెప్పులు విడవకుండానే అంది:

"నాయినా, దుకాన్ మీద నువ్వున్నవ్."

ఆనందానికి అర్థం కాలేదు. అర్థమయ్యాక కూర్చుండిపోయాడు.

"గా పోస్టర్ దించుమను. సీడీ అమ్ముకోని, మంచిదే. బొమ్మ దించుమను."

"ఎందుకు దించాలె అంటరు బిడ్డా. ఎందుకో జెప్తే గది నేనే అని ఒప్పుకున్నట్టే."

"గా గార్డు సారుకు తెలుసు గద. ఆయనతోని జెప్పియ్యి."

ఆదివారం పొద్దున ఆనందం ఆదిశేషయ్య ఇంటికి పోతే తాళం ఉంది. బొంబాయి బండిలో పార్సిల్ దిగిందని, అందరూ దుకాణం దగ్గరే ఉన్నారని పక్కింటావిడ చెప్పింది. తిరిగి వచ్చేస్తే బాగుండేది. కానీ పోస్టర్ అక్కడే ఉంది, దించమని చెప్పగలిగిన ఒక్క మనిషీ అక్కడే ఉన్నాడు.

దుకాణం ముందు యాభై మంది దాకా ఉన్నారు. నాగనాథ్ పెద్ద స్పీకర్లు బయట పెట్టాడు. మనిషి దొరకకపోయినా ఫొటోకైనా వేద్దామని ఆదిశేషయ్య దండ తెచ్చాడు. ఆనందం జనం వెనకాల, సైకిళ్ల పక్కన నిలబడి, ఆయన తన వైపు తిరిగితే చెయ్యి ఊపుదామని చూస్తున్నాడు.

నాగనాథ్ సీడీ పెట్టాడు. గరగర లేదు. ఏ చప్పుడూ లేదు. పాడైందేమో అనుకున్నారు. అప్పుడు స్పీకర్లలోంచి వచ్చింది.

స్స్.

ఆ వెంటనే డోలు పడింది.

"ఇదేంది! గీ చప్పుడు మన రికార్డుల లేకుండె!" అన్నారెవరో.

"ఊపిరి! మనిషి ఊపిరి!" అని అరిచాడు ఆదిశేషయ్య. పాతికేళ్లు దుమ్ము చప్పుడు కింద దాగి ఉన్నది ఇప్పుడు ఆయన చెవి పక్కనే తీసినట్టుంది. ప్రతి పాటకు ముందూ అదే. మూడో పాటలో సూది ఇరుక్కునే చోటు వచ్చింది. ఇరుక్కోలేదు. అయినా అందరూ నేల మీద కాలు తన్ని నవ్వారు. ఆదిశేషయ్య కళ్లు తుడుచుకుంటూ తిరిగాడు. సైకిళ్ల దగ్గర ఆనందం కనబడ్డాడు. ఒట్టు గుర్తుకు రాలేదు. గుండె నిండా ఉన్న మాటే నోట్లోంచి వచ్చింది.

"మాస్టారూ!"

యాభై తలలు తిరిగాయి. ముందు ఆనందాన్ని చూశాయి, తర్వాత పోస్టర్‌ను చూశాయి. ఒకాయన పోస్టర్ దగ్గరికి పోయి ఫొటోలో పన్ను మీద వేలు పెట్టి నవ్వాడు. "అరే, గిదే పన్ను!"

జనంలోంచి ఒక నడివయసు మనిషి ముందుకొచ్చాడు. ఆదివారమని మామూలు చొక్కాలో ఉన్నాడు. ఆనందం పోల్చుకున్నాడు. జీపులో వచ్చి, లచ్చవ్వ ముందు కుర్చీ వేసుకుని, మీ అత్తను ఏం చేశారని అడిగిన మనిషి. కోపంగా లేడు. చాలా మర్యాదగా, పోస్టర్ చూపించి మరాఠీలో అడిగాడు.

"హే తుమ్హీచ్ కా?"

మీరేనా అని. అప్పుడే మూడో పాట అయిపోయింది. పాటకూ పాటకూ మధ్య కంపెనీవాళ్లు ఎంతో శ్రమపడి తెచ్చిన నిశ్శబ్దం. ఎదురు సందులో సైకిలు బెల్లు కూడా వినబడుతోంది.

ఆనందం తన ముప్పై ఏళ్ల ముఖాన్ని చూశాడు. సర్ఖనిలో నల్లబల్ల ముందు నిలబడే బిడ్డ కళ్ల ముందు మెదిలింది.

స్స్.

"నేను గాదు సాబ్."

మాట పూర్తయ్యీ కాకముందే స్పీకర్లలో నాలుగో పాట మొదలైంది. ముందు అదే ఊపిరి, అదే సందులోంచి. ఆ తర్వాత డోలు.

"సన్మానం జేస్తమంటే గూడ కాదంటడేందిరా గీన!" అని ఎవరో నవ్వారు. ఆదిశేషయ్యకు అప్పుడు అర్థమైంది. దండ చేతిలోనే ఉంది. "కాదు, కాదు. నేనే పొరబడ్డాను. ఈయన వేరే మనిషి" అని గట్టిగా, రెండు మూడుసార్లు అన్నాడు. ఎంత గట్టిగా అంటే, అబద్ధమని చిన్నపిల్లలకు కూడా తెలిసిపోయింది.

ఆ మనిషి ఒకసారి స్పీకరు వైపు, ఒకసారి ఆనందం నోటి వైపు చూశాడు. జేబులోంచి డబ్బులు తీసి నాగనాథ్ ముందు పెట్టి ఒక సీడీ తీసుకున్నాడు. ఆ రోజు అమ్ముడైన మొదటి సీడీ అదే. తర్వాత స్పీకర్ పక్కనే స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"పున్హా లావా" అన్నాడు. "సురువాతీపాసూన్."

మళ్లీ మొదటి నుంచి పెట్టమన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు సంతోషంగా చప్పట్లు కొట్టారు. నాగనాథ్ బటన్ నొక్కాడు.