విమలత్తకు కప్పని శాలువా

సన్మాన సభల్లో ప్లాస్టిక్ కవరు చింపి కొత్త శాలువా తీసినప్పుడు ఒక వాసన వస్తుంది చూశారూ, అది ముక్కుకు తగిలితే చాలు, ఈనాటికీ నాకు ఒళ్లు మండిపోతుంది.

విమలత్త మా నాన్నకు అక్క. కంప్యూటరంటే గది నిండా ఉండే రోజుల్లో ఉద్యోగంలో చేరి, ఇంగ్లీషు తప్ప రాని ఆ యంత్రం చేత తెలుగు అచ్చు వేయించిన మనిషి. నాకు ఊహ తెలిసేనాటికి రిటైరై, నాచారంలో మా పక్కింట్లోనే ఉండేది. వానాకాలం సాయంత్రాలు, బిస్కెట్ల ఫ్యాక్టరీ తియ్యటి వాసన, దాని వెనకాలే మందుల ఫ్యాక్టరీ ఘాటు కలిసి గాలిలో వస్తుంటే, గిన్నెకు ఒత్తి కాల్చిన సర్వపిండి తలా ఒక ముక్క చేతిలో పెట్టి, సందులో ముగ్గుపిండితో గళ్లు గీసి, మమ్మల్ని ఒక్కొక్కరినీ ఒక్కో అక్షరం చేసి నిలబెట్టేది. ఒత్తు అయినవాళ్లు ముందు అక్షరం కాళ్ల దగ్గర గొంతుక్కూర్చోవాలి. తొందరపడి గడి దాటితే నెత్తిన మొట్టికాయే.

"ఆగు పోరీ! ఎన్క వచ్చేది ఒత్తా, ఇంకో అచ్చరమా సూస్కోకుంట ఏడికి ఉరుకుతున్నవ్? గా మిషిన్ గూడ గిట్లనే ఉరికేది. దానికి ఆగుడు నేర్పేసరికి నా పానం తోకకొచ్చింది" అనేది.

ఒక ఏడు బతుకమ్మ పండక్కి ముందు ఆమె పాత ఆఫీసువాళ్లు ఉప్పల్‌లో ఫంక్షన్ హాలు తీసుకుని సభ పెట్టారు. అత్త గద్వాల చీర కట్టుకుని మమ్మల్నందరినీ ఆటోలో కుక్కి తీసుకెళ్లింది. తీరా చూస్తే, బ్యానరు మీద 'కంప్యూటర్‌కు తెలుగు నేర్పిన మహనీయుడు' అంటూ ఆమె పై అధికారి ఫొటో! ఆ మహానుభావుడు చేసిందల్లా కాగితాల మీద సంతకాలు పెట్టడం. శాలువా ఆయనకే, చప్పట్లూ ఆయనకే. మరి అత్తను ఎందుకు పిలిచారయ్యా అంటే, ఆయనకు పూలగుచ్ఛం అందించడానికట!

అత్త గుచ్ఛం పట్టుకుని వేదికెక్కి మైకు ముందు నిలబడింది.

"గీ పని జేసింది నేను. నా పనికి నేనే పోయి ఇంకొకలకు పూలిచ్చుడేంది?" అని గుచ్ఛం బల్లమీద పెట్టి దిగిపోయింది.

హాలంతా నవ్వింది. సిగ్గులేని నవ్వు! "పాపం, వయసు మీద పడ్డది" అని ఆయనగారు కూడా నవ్వుతూ శాలువా సర్దుకున్నాడు. ఇంటికొచ్చాక మామయ్య ఓదార్చాడా అంటే అదీ లేదు. "నల్గుట్ల ఇజ్జత్ తీసినవ్ గదనే" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత అత్త మాతో అక్షరాల ఆట ఆడలేదు.

ఇప్పుడు అత్త లేదు, మామయ్య లేడు, ఆ సందు ఉన్నచోట అపార్ట్‌మెంట్ కార్లు నిలబెడుతున్నారు. మొన్న మా పాప స్కూల్లో, కంప్యూటర్‌కు తెలుగు నేర్పినది ఎవరని అడిగితే అది మా అత్త పేరు రాసింది. టీచరు ఎర్ర పెన్నుతో కొట్టేసి, పైన ఆ పెద్దమనిషి పేరు రాసి పంపింది. పాప కళ్లు తుడుచుకుంటూ ఆ కాగితం నా ఒళ్లో పెట్టింది.

"అమ్మా, విమలమ్మమ్మ ముచ్చట నువ్వు ఉత్తగనే చెప్పినవా?"