మీట నొక్కితే దిగిన అద్దం

డెబ్బైల మొదట్లో నేను గోదావరిఖని బొగ్గుగనిలో ఎలక్ట్రీషియన్‌ని. ఒక ఎండాకాలం మా వాడకట్టు కాంట్రాక్టరు హైదరాబాదు నుంచి పాత విదేశీ కారు కొనుక్కొచ్చాడు. దాని అద్దాలు మీట నొక్కితే కరెంటుతో దిగేవి. అలాంటిది నేనెన్నడూ చూడలేదు. వారం తిరక్కుండానే వెనక అద్దం ఒకటి మూసుకుని ఇక దిగలేదు. ఆయన నన్ను పిలిపించాడు.

వెనక సీట్లో ఆయన తల్లి చెమటలు కక్కుతూ కూర్చుంది.

"దిగి నీడల కూసో అవ్వా," అన్నాను.

"దిగ బిడ్డా. అది తెరుసుకునేదాక ఈడనే ఉంట. జల్ది సూడు."

తలుపు లోపలి అట్ట విప్పి, చిన్న బల్బుకు తీగలు కట్టి, కరెంటు ఎక్కడిదాకా వస్తోందో వెతికాను. కారు వైపు వెలిగిన బల్బు తలుపు వైపు వెలగలేదు. మధ్యలో ఉన్నది మడతబందే. అక్కడి రబ్బరు గొట్టం జరిపి చూస్తే, తలుపు తీసినప్పుడల్లా వంగి వంగి తీగ తెగిపోయి ఉంది. కొత్త తీగ అతికించాను.

"ఇగ నొక్కు అవ్వా."

మోటారు గుయ్‌మంది. అద్దం దిగింది. అవ్వ బోసినోటితో నవ్వి మళ్లీ ఎక్కించింది, మళ్లీ దింపింది.

"నువ్వు సుత నొక్కి సూడు బిడ్డా," అంది.

నొక్కాను. తర్వాత మా ఆవిడకు చెప్పాలని ఇంటిదాకా పరుగులాంటి నడక నడిచాను.