లెన్ వంతు ఆట

మా బఫెలో ఊళ్ళో నా పక్కింటి డొరీన్ పావ్లక్, వినికిడి లేనివాళ్ళ కోసం టీవీ బొమ్మల కింద మాటలు టైపు చేసేది. ఎవరి దగ్గరా ఉద్యోగం కాదు, సొంత పని. వంటింటి బల్లే ఆఫీసు. ఆమె భర్త లెన్ చలికాలంలో పోయాడు. మంచు కరిగాక, ఏడాది మధ్యలో, ఇల్లు అమ్మేసి చెల్లెలున్న టెనెస్సీకి వెళ్ళిపోయింది. పని కంప్యూటరుతోపాటే వెళ్ళింది. అక్కడ సంపాదన మీద రాష్ట్రం పన్ను వెయ్యదు. మిగిలినదానితో చెల్లెలి పక్కనే చిన్న ఇల్లు కొనుక్కోవాలని డొరీన్ ఆశ.

మరుసటి ఏడు మా రాష్ట్రం పన్నులవాళ్ళు ఆమెను పిలిపించారు. ఆమె నిజంగా వెళ్ళినట్టు కాదని తేలిస్తే టెనెస్సీలో సంపాదించినదాని మీద కూడా ఇక్కడ కట్టాలి. ఇక ఆ ఇంటి మాట మరిచిపోవాల్సిందే. డొరీన్ వచ్చి మా ఇంట్లోనే దిగింది. నేను ఆలుగడ్డ కూరి చేసిన పియెరోగీ కుడుములు తిన్నది, ఉప్పు మరిచిపోయానని కూడా అనలేదు. అది నాకు బెంగ పుట్టించింది.

ఆఫీసులో ఏమడుగుతారో చూడకపోతే నాకు నిద్ర పట్టదు, అందుకే తోడు వెళ్ళాను. అధికారి జలుబుతో ముక్కు తుడుచుకుంటూ అడిగాడు. ఇల్లు అమ్మేశాననీ, లైసెన్సూ ఓటూ డాక్టరూ అక్కడికే మార్చుకున్నాననీ ఆమె చెప్పింది. మనసుకు దగ్గరైన వస్తువులేవైనా ఇక్కడ వదిలారా అన్నాడాయన. ‘లేవు’ అని ఉంటే సరిపోయేది.

“మా ఆయన బౌలింగ్ బంతి ఉంది. చర్చి కింద అరలో,” అంది డొరీన్. “ఆయన వంతు నేనే ఆడుతున్నా. నెలకోసారి వస్తా.”

మా చర్చి నేలమాళిగలో బౌలింగ్ జట్లు ఆడతాయి, అక్కడ ఇదో ఆచారం. మనిషి పోతే ఆ సీజను అయ్యేదాకా అతని వంతు ఇంటివాళ్ళు ఆడతారు. లెన్ సీజను ఎప్పుడో అయిపోయింది. ఇక ఆడటం ఆపమని ఆమెకు మేమెవరమూ చెప్పలేకపోయాం.

“అంటే వస్తూనే ఉన్నారన్నమాట,” అన్నాడాయన, కలం తీసి.

“నాయనా, అది బంతి. కాపురం కాదు,” అన్నాను నేను. “పొద్దున బయల్దేరి చీకటిపడ్డాక ఇక్కడికొస్తుంది, నా సోఫా మీద పడుకుంటుంది. సొంత ఊరైతే సోఫా ఎందుకు?”

ఆయన నవ్వలేదు. రాసుకున్నాడు.

శుక్రవారం పన్నులవాళ్ళ నుంచి డొరీన్‌కు ఫోను వచ్చింది. నిరుడు వేసవిలోనే ఆమె మా రాష్ట్రాన్ని వదిలి వెళ్ళినట్టు ఒప్పుకున్నారు. నేను కాఫీ పెట్టాను. డొరీన్ ఫోను బల్ల మీద బోర్లించింది.

“అయితే వెళ్ళిపోయాను, పిన్నీ,” అంది, ఎవరి సంగతో చెబుతున్నట్టు.

ఆ సాయంత్రం చర్చి కింద లెన్ వంతు ఆడింది. ఆ బంతి కన్నాలు లెన్ వేళ్ళకు తొలిపించినవి, ఆమెకు వదులు. బంతి గురి తప్పి, ఆట దారి పక్కనున్న కాలువలో పడింది. తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

“పెద్ద చేతులవాళ్ళు ఎవరైనా వస్తే ఇచ్చెయ్,” అని కోటు గుండీలు పెట్టుకుంది.