వాంతులు అడిగే అమ్మాయి

మూడో నెల పరీక్షకు మా మనవరాలిని పాకాల ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు ఆ అమ్మాయిని చూశాను. బెంచీ మీద ఏ గర్భిణి వచ్చి కూర్చున్నా, పేరైనా అడగకుండా, "అక్కా, నీకు వాంతులు అయితాండాయా?" అనేది. అవునంటే ఆమె కడుపు వైపు ఆశగా చూసేది.

"పొద్దన్నించీ కక్కతానే ఉండా. నీకు లేవా? అదృష్టవంతురాలివే!" అని మా మనవరాలు నవ్వింది.

"ఉండె అక్కా. మొన్న మా యింటాయన కడుపులో తన్నినాడు. ఆ పొద్దు నుంచి నిలిచిపోయినాయి. బిడ్డ ఉండాదో లేదో."

అంతలో ఆ మొగుడే వచ్చాడు. "ఇంటి గుట్టు ఈడ చెప్తాండావా?" అంటూ జుట్టు పట్టి ఈడ్చాడు. ఆమె మోకాళ్ల మీద పడినా రెండు చేతులూ కడుపు మీదే ఉంచుకుంది.

నేను ఒక్క తోపు తోస్తే వాడు వాకిలి అవతల పడ్డాడని ఊళ్లో చెప్పుకున్నాను గానీ, నిజానికి బెంచీ వెనక నక్కాను. కొట్టింది ఆ గర్భిణులే. చెప్పులతో, టిఫిన్ క్యారియర్లతో బాదారు. "ఇప్పుడు తన్నురా, సూస్తాం!" అని మా మనవరాలు అరిచింది. ముక్కు పగిలి, చొక్కా అంతా రక్తంతో వాడు గేటు దాటి పరుగెత్తాడు.

ఆ అమ్మాయి గోడ పట్టుకుని లేచి, భళ్లున వాంతి చేసుకుంది.

"ఉండాదక్కా!" అని ఏడుస్తూ నవ్వింది.

అది బిడ్డ వల్ల వచ్చిందో, బెదురు వల్ల వచ్చిందో ఎవరూ అడగలేదు. మా మనవరాలు ఆమె జుట్టు వెనక్కి పట్టుకుని వీపు నిమిరింది.

"కక్కు తల్లీ, బాగా కక్కు."