జకర్యా వస్తే ఎర్ర లైటు

కారేపల్లి జకర్యాకు ఈ లోకంల అస్సలు నచ్చని పని ఒక్కటే, కొత్త వస్తువు మీది కవరు తీసుడు. ఆయన ఇంట్ల టీవీ రిమోటు ఇప్పటికీ కవర్లనే ఉంటది. మీద రాసిన అంకెలు కనపడవు, అయినా వేళ్లకు ఎరికే. పెండ్లినాటి సూట్‌కేసు కవర్లనే ఉంటది. బైబిలుకు జిప్పు కవరు, ఆ జిప్పు కవరు మాయకుండ దాని మీద ఇంకో పాలిథిన్ కవరు. "కవరు తీసినంక అది కొత్తది ఎట్లయితదే?" అని భార్య సంపూర్ణను అడుగుతడు. ఆమె కాడ జవాబు లేక కాదు. చెప్పబోయేసరికి దగ్గు అందుకునేది.

ఆ దగ్గుది ఇరవై రెండేండ్ల వయసు. పొద్దంత ఎట్లనో ఒకట్ల ఉంటది, దీపాలు పెట్టే యాళ్లకు మొదలైతది. పోయినేడు చలికాలం ఊపిరి ఆడక మూడు రోజులు దవాఖానల ఆక్సిజన్ పెట్టిండ్రు. డాక్టరమ్మ జకర్యాను బయటికి పిలిచి, "ఇంట్ల దుమ్ము లేకుండ చూసుకో. ఇంకోసారి గిట్లయితే నేను కూడ ఏం చెయ్యలేను" అన్నది. సంపూర్ణ లేని ఇల్లు తలుచుకుంటెనే ఆయనకు రాత్రిళ్లు నిద్ర పట్టలే.

ఇగ దుమ్ము ఎక్కడి నుంచి వస్తాందని విచారణ మొదలుపెట్టిండు. రోడ్డు మీద లారీలను తిట్టిండు. పక్కింటి గంగయ్య పత్తికట్టె కాలపెడ్తుండని పోయి జగడం పెట్టుకున్నడు, ఇద్దరికీ మాటలు బంద్ అయినయ్. ఇంట్ల పోపుల ఎండుమిరపకాయ ఏసుడు కూడ బంద్ పెట్టించిండు. ఊర్ల ఎవ్వరినీ వదలలే, ఒక్క మనిషిని తప్ప.

ఆ మనిషి చేసే పనేంది? ఖమ్మం మిర్చి యార్డుల దడవాయి. అంటే పొద్దున్నుంచి మాపటిదాక తేజ మిర్చి బస్తాలు కాంటా మీదికెక్కించి తూకమేసే మనిషి. సీజన్ల ఆ యార్డు గేటు కాడికి పోతెనే కొత్తోళ్లకు తుమ్ములు ఆగవు. జకర్యా మాత్రం "మా ముక్కుకు అదే సెంటు" అని రొమ్ము విరుచుకుంటడు. అదే అంగీతోని, భుజం మీద అదే తువ్వాలతోని బస్సెక్కి ఇంటికొచ్చి, సీదా పోయి సంపూర్ణ పక్కన మంచం మీద కూసుంటడు. పాపం, ప్రేమతోనే. మీకూ నాకూ సంగతి అర్థమైంది. ఆయనకు కాలేదు. ఎవని ఒంటి వాసన వానికి తెలుస్తదా?

గాలి శుభ్రం చేసే మిషిని ఒకటి ఉంటదని యార్డుల ఎవరో చెప్తే, యార్డు బంద్ ఉన్న ఒక బుధవారం ఉతికిన బట్టలేసుకొని ఖమ్మంల చందూలాల్ సేటు దుకాణానికి పోయిండు.

"ఇది సెకండ్ హ్యాండా సేటూ?"

"కాదు భాయ్, రీఫర్బిష్డ్. ఎవరో కొన్నరు, ఏదో లోపముందని వాపస్ ఇచ్చిండ్రు. కంపెనీవాళ్లు బాగుచేసి, పరీక్ష పెట్టి, మల్ల పంపిండ్రు."

"అంటే తప్పిపోయి మారుమనస్సు పొందిందన్నట్టు."

చందూలాల్‌కు ఏమీ అర్థం కాలేదు. కానీ గిరాకీ ముఖ్యం గదా, "అవ్ అవ్" అన్నడు.

"అయితే నీ జెండా పాట చెప్పు." యార్డుల పొద్దున పలికే మొదటి ధరను అట్లంటరు. అక్కడి నుంచి ఇద్దరూ గంటసేపు గుంజుకొని, కొత్తదాని ధరల సగానికి తెంపిండ్రు. సేటు మిషిని ఎనక మూత తెరిచి చూపెట్టిండు. "ఫిల్టర్ మాత్రం కోరా కొత్తది భాయ్. సీలు కూడ తీయలే చూడు. ఇంటికి పోయినంక ఈ కవరు తీసి పెట్టుకో."

జకర్యా చెవులు ఆ మాటల సగమే ఇన్నయ్, కొత్తది అన్న సగం. ఇంటికొచ్చి ఫిల్టర్ బయటికి తీసిండు, అటు తిప్పి ఇటు తిప్పి మురిసిపోయిండు, కవరుతోని సహా మల్ల లోపల పెట్టి మూత బిగించిండు. ఎందుకు? దుమ్ము పడకుండ! దుమ్ము పట్టే ఫిల్టర్‌కు దుమ్ము పడకుండ! ఇట్లాంటి మనిషికి ఏం చెప్పాలె, మీరే చెప్పుండ్రి.

స్విచ్చి ఏస్తే మిషిని గుయ్యిమన్నది, ముందట పచ్చ లైటు వెలిగింది. గాలి మంచిగుంటే పచ్చ, జర పాడైతే పసుపు, బాగా పాడైతే ఎరుపు. ఇంటిల్లిపాదీ అంటే ఉన్నది ఇద్దరే, ఇద్దరూ దాని ముందట కూసొని చల్లబడ్డరు.

తెల్లారి బేస్తవారం, వారంవారం వాళ్లింట్లనే అయ్యే ప్రార్థన కూడిక. షాలేమ్‌రాజు పాస్టరుగారు మిషిని మీద చెయ్యిపెట్టి ప్రతిష్ఠ చేస్తుండు. సీజను రోజులు, జకర్యాకు యార్డుల ఆలస్యమైంది. "ప్రభువా, ఈ ఇంటి పెద్దను ఆశీర్వదించు" అని అయ్యగారు అంటుండంగనే ఆ ఇంటి పెద్ద గడప దాటి లోపలికొచ్చిండు. పచ్చ లైటు పసుపైంది. ఇంకో రెండడుగులేసిండు, ఎర్రగైంది. మిషిని రయ్యిమని మొత్తుకున్నది. కండ్లు మూసుకున్నోళ్లంత కండ్లు తెరిచిండ్రు. సంపూర్ణ మూలకు కొంగు నోట్ల కుక్కుకొని దగ్గుతాంది గానీ, అది రోజూ ఉండేదే గదా, ఎవ్వరూ అటు దిక్కు చూడలే.

"దీనికి మనిషి లోపలి సంగతి గిట్ల తెలుస్తదేమో అయ్యగారూ" అన్నది ఎదురింటి కళావతి.

జకర్యా బయటికి పోయి ముఖం కడుక్కున్నడు. లైటు మెల్లగ పచ్చబడ్డది. లోపలికొచ్చిండు. మల్ల ఎరుపు. పాస్టరుగారు దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "బ్రదర్, ఏమన్న పుచ్చుకొని వచ్చినవా?" అని అడిగిండు. సంఘ పెద్ద అయినప్పటి నుంచి కల్లు వాసన కూడ చూడని మనిషి! జకర్యాకు తల కొట్టేసినట్టైంది.

తెల్లారి నుంచి ఆయనకు ఒకటే రంది, ఈ మిషినితోని పచ్చలైటు ఎట్ల ఏపియ్యాలె? ఒకనాడు అంగీ బయటనే ఇడిచి పోయిండు, పసుపు. ఇంకోనాడు యార్డు బట్టలన్నీ పెరట్ల బకెట్ల నానేసి, చెప్పులు గేటు కాడ ఇడిచి, నల్లా కింద కూసొని తలమీది నుంచి నీళ్లు పోసుకొని, ఉతికిన లుంగీ కట్టుకొని పోయిండు. పచ్చ! "స్తోత్రం ప్రభువా!" అని అరిచిండు. ఇగ ఆనాటి నుంచి నీళ్లు పోసుకోంది గడప తొక్కలే. సంపూర్ణ కోసం అనుకునేరు. కాదు, వచ్చే బేస్తవారం పరువు కోసం.

నెల తిరిగేసరికి సంపూర్ణ దగ్గు సగం తగ్గింది. వానకాలానికి ఇన్‌హేలర్ అల్మారల మూలకు పడ్డది. క్రిస్మస్‌కు చర్చిల పాట మొదటి నుంచి ఆఖరి చరణం దాక ఆగకుంట పాడింది, జకర్యాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. చలికాలం పోయింది, దవాఖాన ముఖం చూడలే. ఆయన ఊకుంటడా? ఆదివారం చర్చిల లేచి నిలబడి సాక్ష్యం చెప్పిండు. "నా మిషిని ద్వారా దేవుడు నా ఇంట్ల అద్భుతం చేసిండు" అన్నడు. నా మిషిని అన్న మాట జర గట్టిగనే పలికిండు.

ఏడాది నిండినంక మిషిని మీద ఫిల్టర్ మార్చుమని లైటు వచ్చింది. యార్డుల పని అయినంక దాన్ని చందూలాల్ దుకాణానికి తీస్కపోయిండు. సేటు మూత తెరిచిండు, ఫిల్టర్ గుంజిండు, కవరు చూసిండు.

"భాయ్, ఇది ఏడాది సంది ఒక్క పిసరు గాలి కూడ శుభ్రం చేయలే. ఉత్తగ తిరిగింది."

"లైటు మంచిగనే వచ్చిందిగా?"

"లైటుది వేరే కన్ను. అది నిజమే చెప్పింది. గాలి కడిగే ఫిల్టర్‌నే నువ్వు సంచిల కట్టేసినవ్."

"మరి మా ఆమె దగ్గు ఎట్ల తగ్గింది సేటూ?"

"నాకేమెరుక?" అని చందూలాల్ తుమ్మిండు. మల్ల తుమ్మిండు. మూడోసారి తుమ్మి, కండ్లు తుడుచుకుంట, "నువ్వు జర దూరం నిలబడు భాయ్, నీ మీది మిర్చి ఘాటుకు పాణం పోతాంది" అన్నడు.

జకర్యా తల వంచి తన అంగీ దిక్కు చూసుకున్నడు. తర్వాత బస్సుల ఖాళీ సీట్లున్నా కూసోలే, ఎవ్వరి పక్కకూ పోలే. మిషిని పట్టుకొని ఎనక మెట్ల కాడనే నిలబడ్డడు. లారీలు యాదికొచ్చినయ్, గంగయ్య యాదికొచ్చిండు, ఆక్సిజన్ గొట్టం పెట్టుకున్న సంపూర్ణ ముఖం యాదికొచ్చింది. ఆ మూడు రోజులు కూడ యార్డు నుంచే దవాఖానకు పోయి, అదే అంగీతోని ఆమె మంచం పక్కన కూసున్నడు.

ఇంటికొచ్చి గేటు కాడనే ఆగిండు. సంపూర్ణ అరుగు మీద కూసొని చాటల బియ్యం ఏరుతాంది.

"సంపూర్ణా, మిషిని ఒక్కరోజు కూడ పనిచేయలేదట. కవరు నేను తీయలే."

"మరి?"

"నీ దగ్గు నేనేనే. నా బట్టలు. ఇన్నేండ్లూ నేనే."

సంపూర్ణ తల ఎత్తలే. ఒక రాయి ఏరి పక్కకు పారేసింది. "నాకెరికే."

"ఎరికా? ఎప్పటి సంది?"

"పెండ్లయిన కొత్తల సంది. నువ్వు రాంగనే దగ్గొచ్చేది, నువ్వు పోంగనే తగ్గేది. అప్పుడే చెప్పిన నీకు, నీళ్లు పోసుకొని రా అయ్యా అని. ఏమన్నవు? 'అన్నం పెట్టే మిర్చి నీకు కంపైందా' అని కంచం ఇసిరి కొట్టినవు. ఇంక చెప్పలే."

జకర్యాకు కంచం యాదికొచ్చింది. గోడకు తగిలి సొట్టపడ్డ ఆ స్టీలు కంచంల ఇప్పటికీ ఆమెనే తింటది.

"నేను నోటితోని చెప్తే కంచం ఇసిరినవు" అన్నది సంపూర్ణ, కోపం లేకుండనే. "మిషిని ఎర్ర లైటు ఏస్తే వారం తిరగకముందే నీళ్లు పోసుకున్నవు."

జకర్యా మిషినిని గేటు కాడనే కింద పెట్టి పెరట్లకు పోయిండు. ఆ పూట ఇంట్ల చూసెటందుకు ఏ లైటూ లేదు. అయినా తలకు రెండుసార్లు సబ్బు పెట్టుకొని, గోర్ల సందులు కూడ రుద్దుకొని కడుక్కున్నడు. సంపూర్ణ ఉతికిన తువ్వాల తెచ్చి ఆయనకు అందించి, దగ్గకుంట పక్కన నిలబడ్డది.